పెప్టైడ్‌షేకర్: పాల ప్రొటీన్ల ఫలితాలు చదవడానికి నేను వాడే సాఫ్ట్‌వేర్

అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం నుంచి ఫలితాలు చేతికొచ్చాక వాటిలో దేన్ని నమ్మాలి, దేన్ని పక్కన పెట్టాలి అని తేల్చుకోవడానికి నేను పెప్టైడ్‌షేకర్ వాడతాను. ఉచితంగా దొరుకుతుంది. సొంత మాస్ స్పెక్ లేని మాలాంటి ల్యాబ్‌లకు దీనంత ఉపయోగపడేది ఇంకొకటి నాకు కనపడలేదు. కానీ దాని డిఫాల్ట్ సెట్టింగులు ముట్టుకోకుండా పాల మీద పని చేస్తే, మనం ఏ పెప్టైడ్ (ప్రొటీన్ ముక్క) కోసం ఇంత శ్రమపడ్డామో అదే ఫలితాల్లోంచి మాయమవుతుంది. ఆ విషయం తెలుగులో ఎవరూ రాసినట్టు లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

నేను తిరుపతిలో పాల ప్రొటీన్ల మీద పరిశోధన చేస్తున్నాను. మా ఊరు పలమనేరు దగ్గర. పాత చిత్తూరు జిల్లాలో పుంగనూరు పొట్టి ఆవులు, జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరాలు, గేదెలు అన్నీ ఒకే మండలంలో కనిపిస్తాయి. తెల్లారకముందే పాలు పితికించి, ఐసు డబ్బాలో పెట్టుకుని తిరుపతికి తెస్తాం. మీగడ తీసేసి, ప్రొటీన్‌ను ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ముక్కలు చేసి, ఆ ముక్కలను ఆరబెట్టి వేరే నగరంలోని యంత్రానికి కొరియర్ చేస్తాం. అక్కడి నుంచి కొన్నాళ్ళకు ఫైళ్ళు వస్తాయి. ఆ ఫైళ్ళలోంచి ఈ ఆవు పాలలో ఫలానా ప్రొటీన్ ఉంది అని చెప్పగలిగే దాకా నడవాల్సిన దారి గురించే ఈ సమీక్ష.

పాల ల్యాబ్ అనగానే తిరుపతిలో అందరూ ముందు నెయ్యి గురించి అడుగుతారు. నెయ్యిలో ప్రొటీన్ దాదాపు మిగలదు. కొవ్వు ఆమ్లాలను చూడాలంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ కావాలి. ఈ సాఫ్ట్‌వేర్‌కు ఆ పనితో సంబంధం లేదు.

యంత్రం మనకు ప్రొటీన్ పేరు చెప్పదు. పెప్టైడ్ ముక్క బరువును, దాన్ని విరగ్గొట్టినప్పుడు వచ్చిన తునకల బరువులను మాత్రం కొలిచి ఇస్తుంది. ఆ తునకల పట్టికే స్పెక్ట్రమ్. సెర్చ్ ఇంజన్ అనేది ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాల వరుసలున్న డేటాబేస్‌ను తీసుకుని, కాగితం మీద ట్రిప్సిన్‌తో కోసి, ఏ పెప్టైడ్ ఈ స్పెక్ట్రమ్‌కు సరిపోతుందో వెతికి, ఒక స్కోరు ఇస్తుంది. 1994లో వచ్చిన సీక్వెస్ట్, 1999లో వచ్చిన మాస్కాట్ ఈ పనికి దారి వేశాయి. ఇప్పుడు ఎక్స్‌టాండమ్, కామెట్, ఎంఎస్‌-జీఎఫ్‌ ప్లస్ లాంటివి ఉచితంగా ఉన్నాయి. ఇబ్బందేమిటంటే ఒక్కో ఇంజన్ ఒక్కో రకం ఫైలు రాస్తుంది, ఒకదాని స్కోరు ఇంకోదానితో పోల్చడానికి రాదు. ఆ ఫైళ్ళన్నీ చదివి, స్కోర్లను ఒకే కొలతలోకి తెచ్చి, పెప్టైడ్‌ల నుంచి ప్రొటీన్లను కూర్చి చూపేదే పెప్టైడ్‌షేకర్. ఇంజన్లను నడపడానికి దాని తోడు సెర్చ్‌జీయూఐ. నార్వేలోని బెర్గన్, బెల్జియంలోని గెంట్ పరిశోధకులు వీటిని తయారుచేశారు. సెర్చ్‌జీయూఐ గురించి 2011లో, పెప్టైడ్‌షేకర్ గురించి 2015లో పత్రాలు వచ్చాయి. సోర్స్ కోడ్ అపాచీ లైసెన్స్ కింద అందరికీ తెరిచే ఉంది.

పెట్టుకోవడం తేలిక. కంప్యూటర్‌లో 64 బిట్ జావా ఉంటే చాలు, జిప్ ఫైలు విప్పి నొక్కితే తెరుచుకుంటుంది. ఫోల్డర్ దారిలో ప్రత్యేక అక్షరాలుంటే ముందే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను పట్టించుకోండి, ఫోల్డర్ పేర్లలో ఖాళీలు కూడా పెట్టకండి. జావాకు ఇచ్చే మెమరీ పెంచుకోవాలి, లేకపోతే పెద్ద ఫైళ్ళ దగ్గర ఆగిపోతుంది. మా ల్యాబ్‌లో ఉన్నది 16 జీబీ మామూలు డెస్క్‌టాప్. పాల డేటాబేస్ చిన్నది కాబట్టి దానితోనే నడిచిపోతోంది.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా పనిలో ఎక్కువమంది అడిగేది ఏ1, ఏ2 పాల గురించి. ఆవు పాల ప్రొటీన్‌లో దాదాపు 80 శాతం కేసీన్లే. వాటిలో బీటా కేసీన్ ఒకటి, అందులో 209 అమైనో ఆమ్లాలు. 67వ స్థానంలో ప్రోలిన్ ఉంటే ఏ2, హిస్టిడిన్ ఉంటే ఏ1. తేడా అంతే. ఆరోగ్యం విషయంలో ఈ తేడాకు ఉన్న ఆధారాలను 2009లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ పరిశీలించి, జబ్బులతో కారణ సంబంధం నిరూపణ కాలేదని తేల్చింది. మన దేశంలో 2024 ఆగస్టులో ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్యాకెట్ల మీద ఏ1, ఏ2 అని రాయవద్దని చెప్పి, కొద్ది రోజులకే ఆ మాట వెనక్కి తీసుకుంది. వాదన ఎటు తేలినా, గిన్నెలో ఉన్నది ఏ1 నా ఏ2 నా అని చెప్పగలగడం మాత్రం కొలతకు సంబంధించిన ప్రశ్న. దానికి కచ్చితమైన జవాబు ఉండాలి.

ట్రిప్సిన్ లైసీన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల తర్వాత కోస్తుంది. బీటా కేసీన్‌లో 48వ స్థానంలో ఒక లైసీన్ ఉంది, ఆ తర్వాతి లైసీన్ 97వ స్థానంలో. మధ్యలో కోతకు చోటే లేదు. అంటే 67వ స్థానం ఉన్న ముక్క 49 నుంచి 97 దాకా, మొత్తం 49 అమైనో ఆమ్లాల పొడవు. బరువు ఐదు వేల డాల్టన్లు (అణువుల బరువుకు కొలమానం) దాటుతుంది. పెప్టైడ్‌షేకర్ దిగుమతి ఫిల్టర్‌లో పెప్టైడ్ పొడవు డిఫాల్ట్‌గా 8 నుంచి 30. ఇంజన్ ఆ పెప్టైడ్‌ను పట్టినా, మంచి స్కోరు ఇచ్చినా, 30 దాటింది కాబట్టి అది లోపలికి రాదు. తెర మీద బీటా కేసీన్ పచ్చగా, నమ్మకంగా కనిపిస్తుంది. ప్రొటీన్‌లో ఏయే భాగాలు దొరికాయో చూపే కవరేజీ పట్టీలో మాత్రం సరిగ్గా ఆ చోట ఖాళీ. తెలియనివాళ్ళు ఆ ముక్క యంత్రానికే అందలేదని అనుకుంటారు.

అందుకే మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు నేను ముందు చూపించేది ఈ ఫిల్టర్ పెట్టెనే. గరిష్ఠాన్ని 55కు పెంచండి. ఎంఎస్‌-జీఎఫ్‌ ప్లస్ లాంటి ఇంజన్లకు సొంత పొడవు పరిమితి వేరేగా ఉంటుంది, సెర్చ్‌జీయూఐలో ఆ ఇంజన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగులు తెరిచి దాన్ని కూడా పెంచాలి. రెండింటిలో ఒకటి మరిచినా ఫలితం మారదు. సాధారణ కణజాలాల పనికి 30 సబబైన అంకే, పొడవైన పెప్టైడ్‌ల స్పెక్ట్రమ్‌లు చాలావరకు గజిబిజిగా ఉంటాయి. కానీ దిగుమతి పూర్తయ్యాక, పొడవు వల్ల పక్కన పెట్టినవి ఇన్ని అని ఫలితాల తెర మీదే పెద్ద అక్షరాల్లో కనిపించి ఉంటే ఎంతో బాగుండేది.

డేటాబేస్ దగ్గర ఇంకో మెలిక ఉంది. యూనిప్రాట్ అనే ప్రొటీన్ల డేటాబేస్‌లో ఆవు బీటా కేసీన్ నంబరు పీ02666. అందులో ఉన్న వరుస ఏ2 రకానిది. ఏ1 తేడాను కింద వివరాల్లో రాశారు గానీ, మనం దింపుకునే ఫాస్టా ఫైలులో (వరుసలు రాసి ఉండే ఫైలు) ఆ వరుస రాదు. డేటాబేస్‌లో లేని దాన్ని ఏ ఇంజనూ కనిపెట్టలేదు. ఏ1 పాలు ఇచ్చినా ఏ2 వరుస పేరే వస్తుంది, 67వ స్థానం ఉన్న ముక్క మాత్రం కనిపించదు. కాబట్టి ఏ1 వరుసను చేత్తో రాసి, వేరే పేరుతో ఫాస్టాకు చేర్చాలి. అప్పుడే రెండింటికీ సమానమైన అవకాశం దొరుకుతుంది. దేశవాళీ ఆవుల్లో ఏ2 ఎక్కువని జన్యు అధ్యయనాలు చెబుతున్నాయి, నిజమే. కానీ ఏ1 వరుసే లేని డేటాబేస్‌తో వెతికి పుంగనూరు ఆవు పాలు ఏ2 అని ప్రకటిస్తే అది రుజువు కాదు.

ఇక్కడే ఈ సాఫ్ట్‌వేర్ గొప్పతనం తెలుస్తుంది. ఓవర్‌వ్యూ తెరలో పైన ప్రొటీన్లు, కింద దాని పెప్టైడ్‌లు, వాటి కింద ఒక్కో స్పెక్ట్రమ్ సరిపోలిక, పక్కనే ఒక్కో తునకను ఒక్కో గీతగా చూపే ఆ స్పెక్ట్రమ్ బొమ్మ. పేరు మీద నొక్కి మెట్టుమెట్టుగా కిందికి దిగి ఆ గీతల దాకా వెళ్ళవచ్చు. బీ అయాన్లు (పెప్టైడ్ ముందు భాగం నుంచి వచ్చే తునకలు), వై అయాన్లు (చివరి భాగం నుంచి వచ్చేవి) రంగుల్లో పేర్లతో ఉంటాయి. ఏ2 ముక్కకూ ఏ1 ముక్కకూ మొత్తం బరువులో 40.006 డాల్టన్ల తేడా. ప్రోలిన్ 97.0528, హిస్టిడిన్ 137.0589 కాబట్టి. అయితే మొత్తం బరువు ఒక్కటే సరిపోదు, ఆ తేడా ఎక్కడ పడిందో చూడాలి. చివర నుంచి లెక్కిస్తే 67వ స్థానం వై31 లోకి వస్తుంది. అంటే వై30 రెండింటికీ ఒకటే ఉండాలి, వై31 బరువు ఏ1లో 40.006 పెరగాలి. ముందు నుంచి లెక్కిస్తే బీ18 ఒకటే, బీ19 బరువు పెరగాలి. ఇంకో ఆధారం కూడా ఉంది: ప్రోలిన్‌కు ముందున్న బంధం తేలిగ్గా విరుగుతుంది, కాబట్టి ఏ2లో ఐసోల్యూసిన్ 66కూ ప్రోలిన్ 67కూ మధ్య విరిగిన వై31 గీత పొడవుగా నిలబడే అవకాశం ఎక్కువ. హిస్టిడిన్ ఉంటే ఆ ఊతం పోతుంది. ఇవన్నీ స్కోరు అంకెలో కనపడవు. పాల కేంద్రంలో ఫ్యాట్ మిషన్ అంకెను రైతు తన కళ్ళతో చూడాలని పట్టుబట్టినట్టు, మనం కూడా ఆ గీతల దాకా వెళ్ళి చూడాలి. పెప్టైడ్‌షేకర్ ఆ దారిని ఎక్కడా మూయలేదు, అందుకే నాకు ఇది ఇష్టం.

49 అమైనో ఆమ్లాల ముక్కలో వై30, వై31 రెండూ శుభ్రంగా దొరకడం ప్రతిసారీ జరగదు. దొరకనప్పుడు ట్రిప్సిన్ వదిలి కైమోట్రిప్సిన్ అనే ఇంకో ఎంజైమ్‌తో కోయమంటాను. నియమం ప్రకారం 58వ లూసిన్ తర్వాత, 77వ లూసిన్ తర్వాత కోత పడుతుంది. మధ్యలో ఉన్న టైరోసిన్, ఫినైల్అలనిన్, ఇంకో లూసిన్, ఈ మూడింటి తర్వాతా ప్రోలినే ఉంది కాబట్టి కోత ఆగుతుంది. వచ్చేది 59 నుంచి 77 దాకా 19 అమైనో ఆమ్లాల ముక్క, డిఫాల్ట్ ఫిల్టర్‌లోనే ఇమిడిపోతుంది. సెర్చ్‌జీయూఐలో ఎంజైమ్ జాబితాలో కైమోట్రిప్సిన్ ఉంది, తప్పిన కోతల (ఎంజైమ్ కోయకుండా వదిలేసిన చోట్ల) సంఖ్యను కాస్త పెంచుకోవాలి.

పాల మీద పనిచేసేవాళ్ళకు ఇంకో ఉచ్చు కంటామినెంట్ల జాబితా. ల్యాబ్‌లో పొరపాటున కలిసే కెరాటిన్, ట్రిప్సిన్ లాంటి వాటి వరుసలను డేటాబేస్‌కు చేర్చడం మంచి అలవాటే. కానీ అందరూ వాడే ఆ జాబితాల్లో ఆవు కేసీన్లు కూడా ఉన్నాయి. మానవ కణాల మీద పనిచేసేవాళ్ళకు కేసీన్ చెత్త, మాకు అదే పంట. అలాగే చేరిస్తే ఒకే వరుస రెండు పేర్లతో డేటాబేస్‌లో కూర్చుంటుంది, కంటామినెంట్లను తీసేసే మెట్టు దగ్గర అసలు ఫలితమే కొట్టుకుపోతుంది. జాబితాలోంచి ఆవు ప్రొటీన్లన్నీ తీసేశాకే కలపండి.

తప్పుల శాతం లెక్క గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాల విషయంలో అది వేరేగా ప్రవర్తిస్తుంది. సెర్చ్‌జీయూఐ ప్రతి ప్రొటీన్ వరుసనూ తిరగేసి డేటాబేస్‌కు చేర్చగలదు. వీటినే డీకాయ్‌లు అంటాం. ఇవి ప్రకృతిలో లేనివి కాబట్టి, వీటికి ఎన్ని సరిపోలికలు పడ్డాయో చూసి అసలు జాబితాలో ఎన్ని తప్పులుంటాయో అంచనా వేస్తారు. డిఫాల్ట్‌గా ప్రొటీన్, పెప్టైడ్, స్పెక్ట్రమ్ మూడు స్థాయుల్లోనూ 1 శాతం. కాలేయ కణజాలంలో వేల ప్రొటీన్లు దొరికితే 1 శాతం అనే మాటకు అర్థముంది. పాలలో కేసీన్లే ముప్పాతిక పైన ఆక్రమించి, మిగతావి తక్కువ మోతాదులో ఉంటాయి కాబట్టి జాబితా పొట్టిగా వస్తుంది. వంద ప్రొటీన్లు దొరికాయనుకోండి, 1 శాతం అంటే ఒక్క డీకాయ్. అది జాబితాలో ఉంటే ఒక లెక్క, ఒక్క మెట్టు కిందికి జారితే సున్నా. అంత ముతక కొలత మీద గీత గీసి ఈ పక్క నిజం, ఆ పక్క అబద్ధం అనడం సరికాదు. పెప్టైడ్‌షేకర్ ఈ విషయంలో నిజాయితీగా ఉంటుంది. గీత దాటినవాటిని కూడా నమ్మకమైనవి, సందేహమైనవి అని విడదీస్తుంది. వాలిడేషన్ తెరలో గ్రాఫ్‌లు పెట్టి, గీతను అటూ ఇటూ జరిపితే ఏమి వస్తుందో, ఏమి పోతుందో చూపిస్తుంది. ఒకే పెప్టైడ్ మీద నిలబడ్డ ప్రొటీన్‌ను మేము స్పెక్ట్రమ్ చూడకుండా ఏ పట్టికలోనూ రాయం.

గేదె పాలు కలిసిన ఆవు పాలను పట్టగలరా అని మా వైపు డెయిరీవాళ్ళు అడుగుతుంటారు. పట్టవచ్చు, కానీ ఓపిక కావాలి. గేదె కేసీన్లు, ఆవు కేసీన్లు చాలా దగ్గరివి, ఎన్నో పెప్టైడ్‌లు ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా ఒకటే. అలాంటి పెప్టైడ్ దొరికితే అది ఎవరిదో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. పెప్టైడ్‌షేకర్ వాటిని ఒక గుంపుగా కట్టి, పక్కన రంగు చతురస్రం పెడుతుంది. ఒకే ప్రొటీన్ అయితే పచ్చ, గుంపు అయితే వేరే రంగు. దాని మీద నొక్కితే ఏ పెప్టైడ్ ఎవరెవరికి చెందుతుందో కనిపిస్తుంది. గుంపుకు ముందు నిలబెట్టిన పేరు చూసి గేదె ఉందని రాసేయకండి. గేదెకు మాత్రమే ఉన్న పెప్టైడ్ కనీసం ఒక్కటి, శుభ్రమైన స్పెక్ట్రమ్‌తో కావాలి.

ఎండాకాలంలో క్యాన్‌లో నిలవున్న పాలలో ప్లాస్మిన్ అనే పాల సొంత ఎంజైమ్ బీటా కేసీన్‌ను 28, 105, 107 స్థానాల తర్వాత కోస్తుంది. అది కూడా లైసీన్ తర్వాతే కోస్తుంది కాబట్టి ఆ కోత మా ట్రిప్సిన్‌దా, పాలదా అని ఫలితాల్లో తేడా తెలియదు. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. ట్రిప్సిన్ వేయని నమూనా ఒకటి పక్కన నడిపించి పోల్చడమే మార్గం.

ఫాస్ఫేట్ గుంపు ఏ సెరీన్ (ఒక అమైనో ఆమ్లం) మీద ఉందో చెప్పే భాగం బాగుంది. బీటా కేసీన్‌లో 33 నుంచి 48 దాకా ఉన్న ముక్కలో ఒక్కటే సెరీన్, 35వది, కాబట్టి అక్కడ పరీక్ష సులువు. 15 నుంచి 19 మధ్య నాలుగు ఫాస్ఫోసెరీన్లు గుమిగూడిన చోట మాత్రం స్కోరుతో పాటు గీతలూ చూడండి. త్రీడీ బొమ్మల తెర బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే ఇంకో పాల ప్రొటీన్‌కు పనికొస్తుంది. కేసీన్లకు స్థిరమైన ఆకారం లేదు కాబట్టి అక్కడ చూడ్డానికేమీ ఉండదు. జీవక్రియల వర్గీకరణ తెరను నేను వాడను.

లోపాలు చెప్పాలి. ఎంత ఉంది అన్న ప్రశ్నకు ఇది స్పెక్ట్రమ్‌ల లెక్కతో ఉజ్జాయింపు జవాబు ఇస్తుంది, అంతే. పాలలో ఏ1 ఎంత శాతం, ఏ2 ఎంత శాతం అని అడిగితే ఆ జవాబు చాలదు. పెప్టైడ్ శిఖరం వైశాల్యం కొలిచే మాక్స్‌క్వాంట్ లాంటిది తోడు కావాలి. పెప్టైడ్‌లను ఒక్కొక్కటిగా ఎంచకుండా చాలావాటిని కలిపి విరగ్గొట్టే డీఐఏ పద్ధతిలో తీసిన డేటాకు ఇది పనికిరాదు. ఒకే తెరలో అంత సమాచారం ఉండటంతో చిన్న మానిటర్ మీద కళ్ళు అలిసిపోతాయి. సహాయం కోసం వాళ్ళే రాసిన ఉచిత పాఠాలు నమూనా డేటాతో సహా ఉన్నాయి. ఇంగ్లీషు సులభంగానే ఉంటుంది, ఎంఎస్సీ పిల్లలు సొంతంగా చేసుకోగలరు.

బయట యంత్రం నడిపేవాళ్ళ దగ్గర పని చేయించుకునేవాళ్ళకు ఒక మాట. ఒకచోట మాకు ప్రొటీన్ పేర్లు, స్కోర్లు ఉన్న ఎక్సెల్ షీట్ మాత్రమే పంపి, పని అయిపోయిందన్నారు. ఏ డేటాబేస్ వాడారో, ఎంత తేడా వరకు బరువును ఒప్పుకున్నారో, అమైనో ఆమ్లాల మీద ఏ రసాయన మార్పులను లెక్కలోకి తీసుకున్నారో అందులో లేదు. ఆ షీట్‌తో ఏ1, ఏ2 సంగతి ఎప్పటికీ తేలదు. కాబట్టి డబ్బు కట్టేముందే కాగితం మీద రాయించుకోండి: యంత్రం రాసిన అసలు (రా) ఫైళ్ళు, సెర్చ్ ఫలితాల అసలు ఫైళ్ళు, వాడిన ఫాస్టా, సెట్టింగుల ఫైలు. థర్మో కంపెనీ యంత్రాల రా ఫైళ్ళయితే సెర్చ్‌జీయూఐ నేరుగా మార్చుకుంటుంది, మిగతా కంపెనీలవైతే ప్రొటియోవిజార్డ్‌లోని ఎంఎస్‌కన్వర్ట్‌తో ఎంజెడ్‌ఎంఎల్‌గా మార్చాలి. పత్రం రాసేటప్పుడు పెప్టైడ్‌షేకర్ నుంచి ఎంజెడ్‌ఐడెంట్‌ఎంఎల్ ఫైలు తీసి రా ఫైళ్ళతో కలిపి ప్రైడ్ అనే బహిరంగ ప్రొటీన్ డేటా భాండాగారంలో పెట్టవచ్చు. అక్కడి నుంచి ఎవరైనా దింపుకుని, పుంగనూరు ఆవు పాల వై31 గీత నిజంగా ఉందో లేదో వాళ్ళ కంప్యూటర్ మీదే చూసుకోవచ్చు.